రెండో పేజీ

పలక అని కొడితే
ముందు ఫోన్లొస్తాయి, తర్వాత టాబ్లెట్లు.
మార్కాపురంలో మా షెడ్డు
నలభై మూడో పేజీలో ఉంది.
కంభం రోడ్డు చివరన కూడా
బస్సు దిగేవాడు ఒకడుంటాడు గానీ
అంత లోపలికి ఎవరొస్తారు?

తర్లుపాడు నుంచి స్కూటీ మీద వచ్చే దిల్షాద్
లాప్‌టాప్ మీద రాతిదుమ్ము చున్నీతో తుడిచి
"నువ్వు పిలిచే పేరు కాదు మామా,
వాళ్లు వెతికే పేరుండాల" అంది.

ఏం వెతుకుతున్నారంట?

చీజ్ బోర్డు.
పలక మీద పాలగడ్డ కోసుకు తింటారంట.
మా ఇంట్లో ఎవరమూ దాని రుచెరగం.

ఫోటోలకు పేర్లు మార్చింది.
సైటు గబాల్న తెరుచుకోవాలని
బొమ్మల బరువు తగ్గించింది,
ఉలి పెట్టి రాయి పొర ఊడదీసినట్టు.
కొన్నవాళ్లను బతిమాలి నాలుగేసి మాటలు రాయించింది.
వారంలో మొదటికి తెస్తాం, పదిహేను వేలివ్వమన్న
ఫోన్ మాత్రం నేనే కట్ చేశా.

ఐదు నెలలకు రెండో పేజీ.
చెక్క చట్రాలు బిగించే ఓబులమ్మకు చెబితే
సుత్తి ఆపకుండానే అడిగింది:
"రెండోదాకా ఎవురు తిప్పుతారయ్యా?"

నిన్న బళ్లారి నుంచి
రెండు చీజ్ బోర్డులకు ఆర్డరు.
కింద ఒక ప్రశ్న:
"బలపం పడుతుందా?
పాపకు అక్షరాలు దిద్దించాలి."

దిల్షాద్ జవాబు కొడుతోంది.
ముప్పై ఏళ్లుగా కోస్తున్నా ఈ రాయిని,
అయినా ఒకటి తీసి,
ఉమ్మి పెట్టి అరచేత్తో తుడిచి,
గీసి చూశా.