మోకాలెత్తు

పొహోర్యె కొండ మీద మాకున్నది
ఇరవై రెండెకరాల అడవి,
శార్గా అనే ముసలి గుర్రం,
ఫ్లోర్యాన్ బాబాయి నడుంనొప్పి.

నేల గడ్డకట్టేదాకా గొడ్డలి ముట్టం.
మెత్తటి మట్టిని నొక్కితే
ముప్ఫై ఏళ్ళు గుర్తుంచుకుంటుందట.
ఆ మాటన్నది బాబాయే,
పొద్దున తీసిన కళ్ళజోడు ఎక్కడుందో తెలియని మనిషి.

ఏడాదికి పదకొండు మానులు. పన్నెండోది అడగం.
మిల్లు నుంచి వచ్చినాయన లెక్క కట్టి చూపించాడు:
ఒక్క వారంలో మొత్తం పడగొడితే
కొత్త పైకప్పు, ట్రాక్టరు, ఇంకా మిగులు.
బాబాయి అతనికి కాఫీ పోశాడు.
మళ్ళీ పోశాడు.
తర్వాత వానల గురించి మాట్లాడాడు.

ఈ ఏటి పదకొండోది
వాగు పక్క పెద్ద ఫర్ చెట్టు.
నీలం గుర్తు పెట్టింది నేనే.
బాబాయి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.
ప్రదక్షిణ అనుకునేరు,
ఎటు పడుకోబెట్టాలా అని.

"అటు వద్దు జోర్కా, అటు పిల్లలున్నారు."

మంచులోంచి, నా మోకాలెత్తున,
గొడుగుల్లా పరుచుకున్న చిన్న ఫర్ మొక్కలు.
నిరుడు శార్గా తొక్కేసిన ఒకదాన్ని
కత్తితో అడ్డంగా కోసి
భూతద్దం నా చేతికిచ్చాడు:
లెక్కపెట్టు.

బొటనవేలంత కాండం.
వెంట్రుకల్లాంటి వలయాలు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని.
ముప్ఫై ఎనిమిది దగ్గర కళ్ళు నీళ్ళు కారాయి, చలికి.
నలభై ఒకటి.
నా ఈడుదే.

నేను చదువు, రెండు ఊళ్ళు,
ఒక పెళ్ళి, ఒక విడాకులు అయ్యి
తిరిగొచ్చేదాకా
అది ఇక్కడే, పెద్దదాని కింద,
తన వంతు వెలుగు కోసం కూర్చుని ఉందన్నమాట.
నాకు ఎవరూ చెప్పలేదు.

రంపం ఆగింది.
మాను వాలింది, బాబాయి చూపిన సందులోకే,
సూది బెజ్జంలోకి దారంలా.
ఒక్క మొక్క కొస విరిగింది.
దానికే ఆయన మధ్యాహ్నం దాకా తిట్టుకున్నాడు.
శార్గా గొలుసు లాగింది,
ఏ బెరడుకూ భుజం తగలనీకుండా,
పెళ్ళిపందిట్లో నిండు బిందెతో నడిచే మనిషిలా.

పైన ఒక కన్నం మిగిలింది.
నూటయాభై ఏళ్ళుగా కిందికి దిగని ఎండ
మంచు మీద, మొక్కల మీద పడింది.
ఏమీ జరగలేదు.
ఏం జరుగుతుందని చూశానో మరి.

"వచ్చే వేసవికి వేలెడు," అన్నాడు బాబాయి,
"ఆపైన నీ ఇష్టం."
మొక్కతో అన్నాడో, నాతో అన్నాడో.

రంగుడబ్బా మూత బిగించాను.
నా నీడ వాటి మీద పడుతోందని
రెండడుగులు పక్కకు జరిగాను.