ఇంకొక్కరికి చోటుంది

ఎఫ్రెన్ మొదటిసారి వచ్చినప్పుడు
గుడ్ మార్నింగ్ కూడా గీరుకుంటూ బయటికొచ్చింది,
రేకు డబ్బా అడుగున గరిటె తిప్పినట్టు.
రాత్రి బార్‌లో మూడు సెట్లు,
తెల్లారితే క్యూబావ్ జీప్నీ స్టాండులో కేకలు.
జీపు నిండితే డ్రైవరు పది పీసోలు చేతిలో పెడతాడు.

డాక్టరు తీసిన ఫొటో చూపించాడు.
స్వరతంత్రుల అంచున
రెండు ఆనెకాయలు, ఎదురెదురుగా,
చెప్పు కరిచిన చోట లేచినట్టు.
పదిహేను రోజులు నోరు మూసుకోమన్నాను.
నోరు మూస్తే పొయ్యి కూడా మూతపడుతుంది, టీచర్,
అని నవ్వాడు.

సరేనని గ్లాసెడు నీళ్లు, ఒక స్ట్రా ఇచ్చాను.
ఇందులోంచి పాడు. మాటలొద్దు, బుడగలు చాలు.
తెగకూడదు, ఎగిరి చొక్కా మీద పడకూడదు.
నా మేనకోడలు వంటింట్లోంచి తొంగిచూసి
ఇందుకా గంటకి ఐదొందలు, అంది.

నాలుగు వారాలు.
దవడ వదలమంటే భుజాలు వదిలాడు,
భుజాలు వదలమంటే నాలుక బిగించాడు.
పై స్వరం దగ్గరికొచ్చేసరికి మెడ నరాలు
బట్టలారేసే తాడులా బిగిసేవి.
మైకు చెవిటిది కాదురా, అని
ఒకరోజు నేనే అరిచాను.
ఆ సాయంత్రం నా గొంతూ బొంగురుపోయింది.

చర్చిలో ముప్పై ఏళ్లు పాడినదాన్ని.
నా దగ్గరున్న అచ్చులన్నీ గుండ్రటివే,
కొవ్వొత్తి ఆరకుండా పలికేవి.
అతనికి కావాల్సింది
బీరు సీసాల మీదుగా వెనక బల్ల దాకా వెళ్లే అచ్చు.
అది నా దగ్గర లేదు.

ఒక వేకువన వానలో గొడుగేసుకుని
స్టాండుకే వెళ్లాను, చెప్పకుండా.
ఆంటిపోలో! ఆంటిపోలో! ఇంకొక్కరికి చోటుంది!
పద్దెనిమిది మంది పట్టే జీపులో
ఇరవై మంది కూర్చున్నాక కూడా అదే అబద్ధం.
జనం నవ్వుతుండగా అతని డొక్క మీద చెయ్యి పెట్టాను.
ఆంటిపోలోకి గొంతు నలిగింది.
కానీ ఆ వెనక మాట,
అబద్ధమని ఎవరికీ అనుమానం రాకూడదని
తేలిగ్గా అనేస్తాడే, ఆ మాట
ముఖమంతా నవ్వై, ముక్కుదూలం మోగి,
డీజిలు పొగను చీల్చుకెళ్లి
రోడ్డవతల చేపల బుట్ట దించుతున్న ఆవిడ తల తిప్పింది.
మెడలో ఒక్క నరం లేవలేదు.

అదే, అన్నాను. అక్కడే పాడు.
ఏమిటి?
ఆ అబద్ధాన్నే పాడు.

ఇప్పుడతను పై స్వరానికి ముందు గాలి తీసుకుంటుంటే
పియానో మీంచి చెయ్యి తీసి అంటాను,
ఎఫ్రెన్, ఇంకొక్కరికి చోటుంది.
పక్కటెముకలు జరుగుతాయి,
ఒళ్లో మూటలు పెట్టుకుని జనం సర్దుకున్నట్టు.

ఆనెకాయలు కరిగాయో లేదో డాక్టరు చెప్పాలి.
నిన్న మాత్రం గుడ్ మార్నింగ్ శుభ్రంగా చెప్పాడు,
ఈ నెల ఫీజు ఇవ్వలేనన్న సంగతి
ఇంకా శుభ్రంగా.