అంచు

మాంచెస్టర్‌లో పెట్టె తెరిపించారు.
"ఇది వండుకోడానికా?"
ఇత్తడి పళ్లెం అంచు తడుముతూ అడిగాడు.
"నిలబడ్డానికి" అన్నాను.
నవ్వలేదు, పాపం.

హల్‌కి ఆఖరి బస్సు.
మేజోళ్లలో పారాణి ఇంకా ఎర్రగానే ఉంది;
లిస్బన్ చప్పట్లు మాత్రం
లీడ్స్ దాటకముందే వెలిసిపోయాయి.

వీధి మలుపులో డోరీన్, ఆమె కుక్క.
"సెలవులు బాగా గడిచాయా?"
బాగానే అన్నాను.
వానలో ఎంతని చెప్తాం?

నెత్తిన నీళ్ల చెంబుతో పావుగంట
చుక్క తొణకనిచ్చానా అక్కడ!
ఇక్కడ నాలుగు మెట్లెక్కేసరికి
సగం టీ తివాచీ పాలు.

పడగ్గది పైకప్పు మళ్లీ కారుతోంది.
బకెట్ కనబడలేదు.
ఆ పళ్లెమే పెట్టాను.
టంగ్... టంగ్, టంగ్...
వానకి తాళజ్ఞానం లేదు.
రేపు ఏడింటికి ఫార్మసీ తెరవాలి,
దుప్పటి కింద
మడమ దిద్దుతూనే ఉంది.