మూడు ఆదివారాలుగా రాని దస్తగిరమ్మకు

దస్తగిరమ్మా,
చాంద్ బాషా టైలరు కొట్టు పైన
నీ స్టూలు మీద ఇప్పుడు
గుడ్డపీలికల మూట కూచోనుండాది.
ఓబులేసు నీకని దాచిన బొరుగులు
మెత్తబడిపోతే
తిట్టుకుంటా ఆయనే తినేసినాడు.

కత తిరిగొచ్చిందని మాకు తెలుసు.
నువ్వు చెప్పలే, పోస్టుమానూ చెప్పలే.
మైదుకూరు బస్సెక్కినోళ్లు చెప్పినారు,
చిల్లర ఇచ్చేటప్పుడు నువ్వు
ఎవరి మొగమూ చూడలేదంట.

నేనేం పెద్ద రాతగాణ్ణి కాదు.
ఇరవయ్యారేండ్లలో పదకొండు కతలు.
అచ్చయినవి రెండు.
అందులో ఒకదానికి గంగులప్ప పోయి
గంగులమ్మ అని పడింది.
ఆ నెలంతా మా ఇంటామె నన్ను
అక్కా, అన్నానికి రా అని పిల్చింది.
కాబట్టి దీన్ని సలహా అనుకోవద్దు,
పక్కసీట్లో కూచున్నోడి మాట అనుకో.

తెల్లారుజామున మా బంగారంగళ్ల వీధికి
రోశమ్మ వస్తుంది, చీపురూ చాటా పట్టుకోని.
అరుగుల కింది దుమ్ము, కాలవలో బురద,
అన్నీ ఎత్తి మూటగట్టుకుంటుంది.
ఇంటికాడ చిప్పలో పోసి నీళ్లతో గాలిస్తుంది,
తిప్పి, పారబోసి, మళ్లా తిప్పి.
ఎంత దొరుకుతుందే అని అడిగితే
"అది తర్వాత చెప్తా,
ముందు కాళ్లు తియ్ సామీ, ఆడ ఊడ్చాల" అనింది.

నీ కత రాత్రి మళ్లా చదివినా.
మొదటి రెండు పేజీలూ నీవి కావు.
ఆ వెన్నెలేంది, ఆ కోయిలేంది,
రైటు రైటు అని అరిచే నీ గొంతు పక్కన
కోయిల ఎప్పుడు కూసింది మా?
కానీ మూడో పేజీలో
ఆ ముసలామె కొంగుముడి విప్పలేక
లేని పండ్లతో కొరుకుతుంది చూడు,
ఆడ ఆగిపోయినా.
దీపం కిందికి కాగితం జరుపుకున్నా.
రోజూ గీటురాయి మీద గీసి
ఇంత బంగారం, ఇంత రాగి అని చెప్పేది నా పని.
రాగి లేకుండా నగ నిలబడదు, ఒప్పుకుంటా.
నువ్వేమో రాగినంతా గుమ్మంలో పోసి
బంగారాన్ని యాడనో మూడో గదిలో పెట్టినావు.

ఇంగొకటి. చివర్లో ఆమెను ఎందుకు చంపినావు?
కత ముగించాలనా?
గుడ్డ చాలకపోతే చొక్కా పొట్టిగా కుట్టాల గానీ
మనిషిని నరకరాదు అంటాడు చాంద్ బాషా.
ఆమెను చాపాడు కాడ దిగనీ.
ఏ పక్కకు పోతుందో నీకు తెలీదా,
మాకూ తెలీకుండా ఉండనీ.
వీరనాగమ్మ టీచరు మాత్రం ఒప్పుకోలేదు,
ఆ చావు దగ్గర ఏడ్చినానంటుంది.
ఆమె లెక్కల పేపర్లు దిద్దేటప్పుడు గూడా ఏడుస్తుందిలే.
అయినా నాదే తప్పేమో,
ఇద్దరి మాటా విని, నీకు తోచింది చెయ్.

ఎవరికీ చెప్పని మాట ఒకటి.
నేనూ ఏడేండ్లు మానేసినా.
ఒక పెద్దమనిషి నా కత చదివి
"అంగడి లెక్కలు రాసుకో నాయనా" అన్నాడు,
అవే రాసుకున్నా.
ఆ మాటన్నా మర్చిపోయినా గానీ
ఆ ఏడేండ్లలో ఒక్కరూ
"ఏమప్పా, కత యాడిదాకా వచ్చింది?" అని
అడగకపోవడం మాత్రం
ఇప్పటికీ గొంతులో చేపముల్లు.

అందుకే అడుగుతాండా,
కత యాడిదాకా వచ్చింది మా?

ఈ ఆదివారం నీకు డ్యూటీ లేదు,
డిపోలో కనుక్కున్నా.
టికెట్టు చుట్ట వెనక గీకినవైనా పట్టుకోని రా,
ఏమీ రాయకపోయినా ఉత్తచేతుల్తో రా.
ఓబులేసు మళ్లా బొరుగులు కొన్యాడు.
ఉల్లిగడ్డలు తరిగి పక్కన పెట్టుకుంటాడంట,
నువ్వు మెట్లెక్కే సప్పుడు విన్నాకనే
కలుపుతాడంట.