పంటు మీద ఓపీ చీటీ

సఖినేటిపల్లి రేవులో సాయంత్రం పంటు
పాటు నీళ్ళలో ఇసుకకి తగిలి ఆగిపోయింది.
రెండు ట్రాక్టర్లు, కొబ్బరికాయల వ్యాను,
ఎక్కడికో పెళ్ళికి పోతున్న బ్యాండు మేళం, నేను.
పోటు రావాలి, గంట పడుతుందన్నాడు సరంగు ధనరాజు.

బ్యాగులోంచి ఓపీ చీటీ తీశాను.
ఒకవైపు ఆసుపత్రి ముద్ర.
రెండోవైపు నా చేతిరాతలో పదకొండు పేర్లు,
క్లినికల్ సైకాలజీలో డాక్టరేటు చేయిస్తామనే పదకొండు చోట్లు.
దరఖాస్తుకి పదిహేను వందలు.
కాంట్రాక్టు కౌన్సిలరు జీతంలో
ఎన్ని ఆశలు పడతాయో వేళ్ళ మీద లెక్క:
నాలుగు. అయిదోది వేస్తే ఇంటద్దె ఆగుతుంది.

"పేరున్న చోటికే పోవాలమ్మాయ్,
పెళ్ళి సంబంధం చూసినట్టు చూడకు"
అంది మా డాక్టరు ఉదయభాను.
సంబంధమే కదా మరి,
అయిదేళ్ళు ఒకే మనిషి కింద, ఒకే ప్రశ్నతో కాపురం.

ఒకచోట ప్రొఫెసరుగారి వ్యాసాలు ఇరవై మూడు చదివాను,
ఒక్కదానిలోనూ మనిషి నోరు విప్పడు. కొట్టేశాను.
ఒకచోట స్టైపెండు లేదు.
ఒకచోట అన్నీ ఉన్నాయి, గైడు వచ్చే మార్చికి రిటైరు.
ఇంకోచోట చదివినమ్మాయి ఫోనులో
"బాగుంటుంది" అని, కాసేపు ఆగి,
మళ్ళీ "బాగానే ఉంటుంది" అంది.
ఆ "నే" మీద గీత గీశాను.

తొమ్మిదో నంబరు గదిలో నా ఎదుట కూర్చునేవాళ్ళకి
ఈ పేర్లేవీ తెలియవు.
రొయ్యల చెరువు కాపలా ఏసుపాదానికి
ఏరియేటర్లు ఆపేశాక కూడా
చెవుల్లో చక్రాలు నీళ్ళు కొడుతూనే ఉంటాయి.
కరెంటు పోయిన ఒక్క రాత్రి
తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలింది.
అప్పటినుంచి నిశ్శబ్దమంటేనే హడలు.

లేసు అల్లే మంగతాయారుకి
కొక్కెం పట్టుకుంటే చేతులు వణకవు,
కింద పెడితే వణుకుతాయి.
ఏమవుతోందమ్మా?
"ఏం లేదండి, బెంగండి."
ఎవరి మీద?
"ఎవరి మీదా కాదండి. ఉత్త బెంగ."

నా దగ్గరున్న ప్రశ్నావళి ఎవరో ఎక్కడో తెలుగు చేసింది.
"గత రెండు వారములలో మీరు విషాదమును అనుభవించితిరా?"
విషాదాన్ని అనుభవించే తీరిక ఆవిడకేదీ!
బెంగకి అందులో గడి లేదు.
టిక్కు ఎక్కడ పెట్టాలో తెలియక
మార్జిన్లో రాసుకుంటూ వచ్చాను.
మూడేళ్ళు. మూడు నోటుపుస్తకాల మార్జిన్లు.

అందుకే అందరికీ ఒకటే రాశాను:
బెంగని ఎలా కొలవాలో మీ దగ్గర నేర్చుకోవచ్చా?
ఎనిమిదిమంది పలకలేదు.
ఇద్దరు దాన్ని డిప్రెషన్ అని దిద్ది పంపారు.
కృష్ణకి అవతల ఒక చిన్న ఊరినుంచి ఒకావిడ మాత్రం
"మా భాషలో దీనికి దగ్గర మాటొకటి ఉంది.
రెండూ ఒకటో కాదో నాకు తెలియదు.
మీ మార్జిన్లు పంపుతారా?" అని రాసింది.
ర్యాంకుల పట్టికలో ఆ చోటు కోసం
కిందికి, ఇంకా కిందికి వెతుక్కోవాలి.
ఉన్నవి రెండు సీట్లు.

దానికి సున్నా చుట్టాను.
వైజాగుకి చుట్టాను, రాత్రి బస్సుకి అందుతుందని.
పేరున్నదొకటి కూడా ఉంచాను,
ఉదయభాను కోసమని చెప్పుకున్నాను గానీ
అది నా గొప్ప కోసమే.
నాలుగోది తేలలేదు.

పంటు అడుగున ఏదో కదిలింది.
"ఆయ్, పోటెక్కిందండి!"
మేళంలో కుర్రాడొకడు క్లారినెట్టు ఊది చూసుకున్నాడు,
సగం పాటలో ఆపేశాడు.
టిక్కెట్టు చింపుతూ ధనరాజు నా చేతిలోకి తొంగిచూశాడు.
"ఇన్ని మందులా! ఎవరికండి, ఇంట్లో బాలేదాండి?"
చీటీ తిరగేశాను.
రోగి పేరు అన్నచోట చుక్కల గీత,
నేనింకా ఏమీ రాయలేదు.