సలాహియత్

దివానియాలో నలుగురు కూర్చుని మాట్లాడతా ఉంటే
ఒక్క మాటే మాటిమాటికీ గోడకు తగిలి
వంటింట్లోకి వస్తాంది:
సలాహియత్. సలాహియత్.

కువైట్‌కొచ్చిన తొలి ఏడాది
అది సలహా అనుకున్నా.
ఇంత పెద్దోళ్ళు ఇన్నిసార్లు సలహా అడుగుతారే,
మంచోళ్ళు, అనుకున్నా.
డ్రైవర్ చాన్‌బాషా పగలబడి నవ్వినాడు:
అది అధికారం, ఓబుళమ్మక్కా.

జహ్రాలో బడి ముందర ఆరు వరసల రోడ్డు.
పిల్లోళ్ళు దాటేదానికి వంతెన కావాలని
జనం ఓట్లేసి గెలిపించిన మా బాబా తీర్మానం పెట్టినాడు.
చేతులు లేచినాయి. సంతకాలు పడినాయి.
పైనుంచి కాగితం తిరిగొచ్చింది:
మీరు తీర్మానించేటోళ్ళు కాదు, సూచించేటోళ్ళు.
ఇప్పుడు కోర్టులో
ఆ రెండు మాటల నడుమ ఉన్న జానెడు జాగా కోసం వాదన.
పిల్లోళ్ళు మాత్రం రోజూ పరిగెత్తే దాటుతారు.

తలుపు దాకా చాయ్ పళ్ళెం మోసుకొచ్చి ఇదంతా విని
నాకు నవ్వొచ్చింది. చాయ్ ఒలికింది.

ఎందుకు రాదు?
మా అరుంధతీవాడలో బోరు మోటారు కాలిపోయిననాడు
నేను సర్పంచిని.
ఫలానా ఆయన భార్య అని రాయబోతే
కొట్టేయించి నా పేరే రాయించుకున్న సర్పంచిని.
చెక్కు మీద నా సంతకం పక్కన
కార్యదర్శి సంతకం కూడా పడల్ల.
ఆయన పెన్నులో సిరా ఉండాది,
పెద్దింటి నుంచి ఫోనొస్తేనే పారుతాది.

ఎండలు. బిందెల వరస.
నా కమ్మలు కుదువపెట్టి మోటారు దింపించినా.
నిధుల దుర్వినియోగమని నోటీసొచ్చింది.
సొంత కమ్మల్ని ఎట్ల దుర్వినియోగం చేస్తారో
కలెక్టరాఫీసులో ఎవరూ చెప్పలేదు.
చెక్ పవర్ ఆపినారు, తాత్కాలికంగా.
ఆ తాత్కాలికం నా పదవి కన్నా ఎక్కువ కాలం బతికింది.

హైకోర్టులో రిట్టు వేస్తి.
లాయరుకు జ్వరం, వాయిదా.
సర్కారు కౌంటరు వేయలేదు, వాయిదా.
జడ్జి మారినాడు, మళ్ళీ మొదట్నుంచి.
ఆఖరికి తేల్చినారు:
పదవీకాలం ముగిసింది గనక ఇంక విచారించేదేం లేదని.
నాది తప్పనలేదు. ఒప్పనలేదు.
కోతలైనాక వానొచ్చినట్టు కూడా కాదు,
అసలు చేనే లేదన్నట్టు.

కమ్మల వడ్డీ, లాయరు ఫీజు,
ఆమీట ఈ వంటిల్లు.

నా పెట్టె అడుగున, చీర మడతలో, రబ్బరు ముద్ర ఉంది.
ఎయిర్‌పోర్టులో ఇదేందని అడిగితే
ఆటబొమ్మ అన్నా. పెద్ద అబద్ధమేం కాదు.
ఒక దినం ఎవరూ లేనప్పుడు
ఖుబ్జ్ పిండి మీద వత్తి చూసినా.
సర్పంచ్, గ్రామ పంచాయతీ,
అక్షరం అక్షరం పడింది.
వేడి తగిలి పొంగేటప్పుడు ఊరి పేరు ముందు పోయింది.
ఆ రొట్టె ఎవరికీ పెట్టలేదు, నేనే తిన్నా.

వచ్చినోళ్ళు పోయినాక బాబా లోపలికొచ్చినాడు.
ఫైలు సోఫా మీద పడేసినాడు.
తల మీది నల్ల తాడు తీసి టీపాయి మీద పెట్టినాడు,
సున్నా మాదిరి.
ఎందుకు నవ్వినావు, అన్నాడు.

నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ.
ఉప్పుంది, ఉల్లిగడ్డుంది, ఇస్త్రీ ఉంది,
రిట్టుకు అందులో మాట లేదు.
కోర్టు, నాది కూడా, అన్నా.
సలాహియత్? అన్నాడు.
సలాహియత్, అన్నా.

నా మొహం వైపు
ఈ మూడేళ్ళలో మొదటిసారి చూసినాడనుకుంటా.
ఏమైంది మరి నీ కేసు?

పాలు ఎప్పుడు తెప్పిస్తావు, బట్టలు ఎప్పుడు మడతేస్తావు అంటే
రేపు అని చెప్పేదానికి ఇక్కడొక మాటుంది.
అదే వచ్చింది నోటికి.
బుక్రా, బాబా, అన్నా.

ఆయన నవ్వలేదు.
ఒలికిన చాయ్ తుడిచేదానికి గుడ్డ తెచ్చుకున్నా.