ఏడు బేసి సంఖ్య

పద్దెనిమిదేళ్లు ఎనిమిది కాలేజీలే.
పెన్సిలు, స్కేలు, ఒక గళ్ల కాగితం.
ఏడు వారాలు, ఇరవై ఎనిమిది ఆటలు,
టీ చల్లారేలోపు లీగు మొత్తం రాసేసేదాన్ని.
ఎంత దూరపు కాలేజీకైనా
ఒక్క బస్సు టికెట్టు,
మహా అయితే పైన ఒక షేర్ ఆటో.

కొరుక్కుపేట రైలు గేటుకి ఇవతల మేము,
అవతల వాళ్లు.
ఆ ఆటకి ఎవరూ కూర్చుని పేరు పెట్టలేదు,
గేటు మ్యాచ్ అనేవాళ్లు, అంతే.
గూడ్సు బండి అడ్డం పడితే
రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని
యాభై ఎనిమిది పెట్టెలూ లెక్కపెట్టేవాడు,
సగం జనం ఇంకా అవతలే ఉన్నారని.

ఈ ఏడు లీగు పెరిగింది.
హోసూరు వచ్చింది, వేలూరు వచ్చింది,
నెల్లూరు నుంచి ఒకటి, తిరుత్తణి కొండ కింద నుంచి ఒకటి,
పేర్లు నాకింకా నోరు తిరగని ఇంజనీరింగు కాలేజీలు రెండు.
ఇనప కడ్డీల కంపెనీ వాళ్లు జెర్సీలిచ్చారు.
కప్పు ఎత్తు రెండింతలైంది.
పద్నాలుగు. రెండు గుంపులు. గుంపుకి ఏడు.
గాజు గిన్నెలోంచి చీటీలు తీశారు:
గేటుకి ఇవతల ఒక గుంపు,
అవతల ఇంకో గుంపు.
"ఫైనల్లో కలుస్తారుగా" అన్నారు కార్యదర్శి.
మేమిద్దరం ఫైనల్ మొహం చూసి
ఎన్నేళ్లయిందో ఆయనకి తెలీదు.

ఇప్పుడు నా బల్ల మీద కంప్యూటరుంది.
శుక్రవారం ఇంటర్నల్ పరీక్షని దానికి తెలీదు.
రాత్రి పదకొండింటికి మాధవరంలో బస్సెక్కి
పొద్దున ఏడింటికి ఆడాల్సిన పిల్లలు
కాళ్లెక్కడ చాపుకోవాలో తెలీదు.
నేను తేదీ కొడతాను, అది ఒప్పుకోదు,
గడి ఎర్రబడుతుంది.
మళ్లీ గళ్ల కాగితమే తీస్తాను.

వ్యాసర్పాడి గ్రౌండుకి తెల్ల కారొచ్చింది.
మా రాజరత్నం మాస్టారు కుర్రాణ్ణి ఎంచే పద్ధతి వేరు,
ఓడిన రోజున బంతి ఎవడు మోసుకొస్తాడో చూసేవారు.
వీళ్లు టేపుతో ఎత్తు కొలిచారు,
ఫోనుతో పరుగు కొలిచారు.
మాస్టారు మూడేళ్లుగా కన్నేసి ఉంచిన
ఏసోబు ఎడమకాలికి
హాస్టలు, ఫీజు మాఫీ, రోజుకి నాలుగు గుడ్లు.
వాళ్లమ్మ సువార్తమ్మ
కార్పొరేషన్ చీపురు గోడకి ఆనించి
ఒక్కటే అడిగింది:
"ఆ కాలు విరిగితే చదువూ ఆపేస్తారా?"
కారాయన నవ్వాడు.
నవ్వు సంతకం కాదని ఆమెకి తెలుసు.
రాయించుకున్నాకే చీపురు తీసింది.

వెళ్లేముందు ఏసోబు నా దగ్గరికొచ్చాడు.
"అక్కా, హోసూరు వాళ్లు
మన గ్రౌండులో ఎప్పుడాడతారు?"
వేలు పెట్టి గడులన్నీ వెతికాను.
ఈ ఏడు లేదు. వచ్చే ఏడూ లేదు.
"మూడో ఏడు, సెప్టెంబరు" అన్నాను,
అప్పటికి లీగు ఇంకెంత లావెక్కుతుందో
చెప్పకుండా.

ఏడు బేసి సంఖ్య.
వారానికొకరు గుంపులో ఖాళీగా కూర్చోవాలి.
గడిలో విశ్రాంతి అని రాయాలి.
ఎవరికెప్పుడని కమిటీ అడగలేదు,
విశ్రాంతికి స్పాన్సరు ఉండడు కదా.

ఫిబ్రవరి రెండో గురువారం
మాకు విశ్రాంతి.
గేటుకి అవతల వాళ్లకీ విశ్రాంతే.
ఎలా కుదిరిందో నన్నడగొద్దు.
జెర్సీలొద్దు, పాయింట్లు లేవు,
నాలుగింటికి గ్రౌండు ఖాళీ.
హోసూరు ఆటని శనివారానికి నెట్టాను.
అక్కణ్ణుంచి తెల్లవారుజామున బస్సొకటుంది,
ఏసోబుకి టైము రాసిచ్చాను.

గూడ్సు బండి ఎప్పుడొస్తుందన్నది మాత్రం
నా చేతిలో లేదు.